పొర విప్పే చెయ్యి

మెక్సికోలోని ఒహాకా నగరంలో ఏటా డిసెంబర్ 23 రాత్రి ఒక పోటీ జరుగుతుంది. దాని పేరు ముల్లంగుల రాత్రి. మోచేయంత ముల్లంగి దుంపల్ని చెక్కి క్రీస్తు పుట్టుక, పెళ్ళి ఊరేగింపు, నాట్యగత్తెలు ఇలా రకరకాల బొమ్మలు చేసి నగరం నడిబొడ్డున బల్లల మీద పెడతారు. 1897 నుంచి అధికారికంగా జరుగుతున్న పోటీ ఇది. చెక్కిన ముల్లంగి గాలి తగిలితే చాలు, రంగు మారి వడిలిపోతుంది. అందుకని చేసినవాళ్ళు పక్కనే నిలబడి నీళ్ళు చల్లుతూ ఉంటారు. జనం బారులు తీరి చూస్తారు. రెండు మూడు రోజులు పోతే అక్కడ చూడ్డానికి ఏమీ ఉండదు.

అదే పోటీలో మరో రెండు విభాగాలున్నాయి. ఒకటి ఎండినా రంగు పోని పూలతో చేసే బొమ్మలది. ఇంకొకటి మొక్కజొన్న కంకి మీది పొరలతో చేసే బొమ్మలది. ఈ పొరల్ని అక్కడ 'తొతొమొచ్‌త్లే' అంటారు. నావాత్ల్ భాష నుంచి వచ్చిన మాట. మెక్సికోలో ఈ పొరకి మొదటి ఉపయోగం వంటింట్లో. మన కోనసీమలో పనసాకు బుట్టల్లో పిండి పోసి పొట్టిక్కలు ఉడికించినట్టే, వాళ్ళు మొక్కజొన్న పిండిని ఈ పొరల్లో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. దాన్ని తమాలే అంటారు. మిగిలిన పొరలు పూలవుతాయి, బొమ్మలవుతాయి.

బొమ్మ చెయ్యడం కష్టం కాదు. ఎండిన పొరల్ని నీళ్ళలో నానబెట్టాలి. మెత్తబడ్డాక నాలుగైదు పొరల్ని ఒక కొస దగ్గర కలిపి కట్టి, తిరగేసి మడిస్తే తల వస్తుంది. మెడ దగ్గర దారంలా చీల్చిన పొరతోనే ముడి వెయ్యాలి. ఇంకో పొరని గట్టిగా చుట్టి మెడ కింద అడ్డంగా దూరిస్తే చేతులు. నడుము కట్టి, కింద మిగిలిన పొరల్ని విప్పి పరిస్తే పరికిణీ. జుట్టుకి కంకి పీచు. ఆరేదాకా కదపకూడదు. చాలా బొమ్మలకి ముఖం ఉండదు, లేదా రెండు చుక్కలతో సరిపెడతారు. అది నవ్వుతోందో ఏడుస్తోందో ఆడుకునే పిల్ల చెప్పాల్సిందే. పొర పెళుసెక్కుతుంది, ఎలుకలు కొడతాయి, తడి తగిలితే బూజు పడుతుంది. మరుసటి పంటకి మళ్ళీ కొత్త బొమ్మ.

ఇలాంటి వస్తువుల గురించి చదివినప్పుడల్లా వెంటనే వచ్చే ఆలోచన, 'అయ్యో, దీన్ని కాపాడుకోవాలి కదా' అని. ఆ మాటలో నాకు ఒక చిక్కు కనిపిస్తుంది. పోవడానికే చేసిన దాన్ని కాపాడటం అంటే ఏమిటి? గాజు పెట్టెలో పెట్టి తేమ తగలకుండా చూస్తే కాపాడినట్టా? నాలుగు డబ్బులిచ్చి కొని టీవీ పక్కన పెట్టుకుంటే? ఫొటోలు తీసి, వీడియో చేసి పెడితే? వీటిలో ఏది చేస్తే మన బాధ్యత తీరినట్టు? ఇది బొమ్మల ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, తల్లిదండ్రుల నుంచి, ఊరి నుంచి, భాష నుంచి మనకి అందిన ప్రతిదాని విషయంలోనూ ఇదే ప్రశ్న వస్తుంది.

*

ముందు ఆ పొర గురించి కాస్త. మొక్కజొన్న అడవిలో దానంతట అది పుట్టిన పంట కాదు. సుమారు 9,000 ఏళ్ళ కిందట దక్షిణ మెక్సికోలో, బాల్సాస్ నది లోయ ప్రాంతంలో, తియోసింతే అనే గడ్డి నుంచి మనుషులు తరతరాలుగా ఏరి ఏరి తయారుచేసిన పంట. తియోసింతే కంకి చిటికెన వేలంత ఉంటుంది. పండగానే గింజలు విడివిడిగా రాలి నేలలో పడి మొలుస్తాయి. మనుషులు రాలని గింజల్నీ, పెద్ద కంకుల్నీ ఏరుకుంటూ వెళ్ళారు. చివరికి వచ్చినది, వందల గింజలు ఒకే బెండుకి అతుక్కుని, మీద పొరలు గట్టిగా కప్పుకుని ఉండే కంకి. ఆ కంకి నేల మీద పడితే గింజలు విడిపోవు. మొలిచినా అన్నీ ఒకే చోట గుంపుగా మొలిచి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. అంటే, పొర విప్పి గింజ ఒలిచి నాటే చెయ్యి లేకపోతే కొన్నేళ్ళలో ఈ మొక్క భూమ్మీద ఉండదు. మనిషి దీన్ని తిని బతుకుతున్నాడు, ఇది మనిషి చేతి మీద ఆధారపడి బతుకుతోంది.

మెక్సికోకి పక్కనే ఉన్న గ్వాటెమాలాలో, కీచే మాయా జనం పవిత్రంగా చూసుకునే 'పోపోల్ వూహ్'లో మనిషి పుట్టుక కథ ఉంది. దేవతలు మొదట మట్టితో మనుషుల్ని చేశారట. తడికి కరిగిపోయారు. తర్వాత చెక్కతో చేశారు. గట్టిగానే నిలబడ్డారు, మాట్లాడారు, పిల్లల్ని కన్నారు, కానీ తమని చేసినవాళ్ళని గుర్తుపెట్టుకోలేదు. వాళ్ళ ఇంట్లోని కుండలూ తిరగళ్ళూ పెనాలే వాళ్ళ మీద తిరగబడ్డాయి. చివరికి పసుపు, తెలుపు మొక్కజొన్న గింజలు రుబ్బిన పిండితో చేశారు. ఆ మనుషులు నిలిచారు.

ఈ కథలో నన్ను ఆపింది చెక్క మనుషుల సంగతి. మట్టి మనుషులు కరిగిపోతే అర్థం చేసుకోవచ్చు. చెక్క మనుషుల్లో మన్నికకి లోటు లేదు, అయినా పనికిరాలేదు. వాళ్ళలో లేనిది జ్ఞాపకం. నిలబడిన మూడో పదార్థం చూస్తే, మూడింటిలోకీ తొందరగా పాడయ్యేది అదే, పిండి. ఏటేటా మళ్ళీ పండించుకోకపోతే లేనిది. కథ చెప్పినవాళ్ళు ఇంత దూరం ఆలోచించారో లేదో గానీ, ఉండిపోవడమూ గుర్తుండటమూ ఒకటి కాదని మాత్రం వాళ్ళకి తెలుసనిపిస్తుంది.

*

మా వైపు మొక్కజొన్నకి కరువేమీ లేదు. మైలార్‌దేవ్‌పల్లి నుంచి ఆరాంఘర్ చౌరస్తా దాకా వానాకాలంలో నడిస్తే బొగ్గుల మీద మక్కబుట్టలు కాల్చే బండ్లు వరసగా కనిపిస్తాయి. ఉప్పూ కారం నిమ్మచెక్కతో రుద్ది ఇస్తారు. బండి పక్కన ఒలిచిన పొరల కుప్ప. సాయంత్రానికి ఆవులు వచ్చి దాని సంగతి చూసుకుంటాయి. పక్కనే రాజేంద్రనగర్‌లో మొక్కజొన్న పరిశోధన కేంద్రాలున్నాయి. ఉత్తరాదిలో చలికి పంట రాని నెలల్లో కొత్త వంగడాల్ని ఇక్కడికి తెచ్చి, ఇంకో తరం పండించుకుని వెళ్ళే శీతాకాలపు నర్సరీ కూడా అక్కడే ఉంది. ఇంత మొక్కజొన్న మధ్య ఉండి కూడా మనకి పొరబొమ్మ లేదు. కంకి పీచుని జుట్టనుకుని జడ వెయ్యడానికి ప్రయత్నించే పిల్లలు ఉంటారు గానీ, ఆట అక్కడితో ఆగిపోతుంది.

కారణం ఊహించడం కష్టం కాదు. ఈ పంట మన దగ్గరికి సముద్రాలు దాటి వచ్చి కొన్ని శతాబ్దాలే అయింది. ఇప్పుడు మన పొలాల్లో పండే మక్కల్లో ఎక్కువ భాగం కోళ్ళ దాణాకీ, గంజిపొడి ఫ్యాక్టరీలకీ పోతుంది. విత్తనం ఏటా సంచిలో కొనే హైబ్రిడ్. ఇంట్లో కూర్చుని కంకులు ఒలిచే పని తగ్గినకొద్దీ ఆ పొర చేతికి తగలడం కూడా తగ్గుతుంది. చేతికి రాని పదార్థంతో పిల్లలు బొమ్మలు చెయ్యరు. మన పిల్లలకి చేతికి దొరికింది తాటాకు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ దానితోనే అయ్యారు, బొమ్మల పెళ్ళిళ్ళు జరిగాయి, సాయంత్రానికి వధూవరులు చీలికలై పెరట్లో పడ్డారు.

పోవడానికే చేసే వస్తువులు మనకి తక్కువేం కాదు. బతుకమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. గునుగూ తంగేడూ తెంపుకొచ్చి, గునుగుకి రంగులద్ది, తాంబాళంలో వరసలు పేర్చి, ఆడి పాడి, చెరువులో వదిలేస్తారు. దానికి ముందు, పెళ్ళికాని ఆడపిల్లల పండగ బొడ్డెమ్మ. పుట్టమన్ను తెచ్చి పీట మీద మెట్లు మెట్లుగా పేర్చి, చుట్టూ ఆడి, చివరికి దాన్నీ నీళ్ళలో కలుపుతారు. కోస్తాలో సంక్రాంతి గొబ్బెమ్మలు పిడకలై, రథసప్తమి నాడు పాలు పొంగించే పొయ్యిలోకి వెళ్తాయి.

మా ఊరి పేరులోనే మైలారదేవుడు ఉన్నాడు. ఆయన్నే మల్లన్న అంటాం. ఒగ్గు పూజారులు మల్లన్నకి పట్నం వేస్తారు. పసుపు, కుంకుమ, రంగుల పొడులతో గంటల తరబడి నేల మీద గీసిన పెద్ద ముగ్గు అది. కొమురవెల్లిలో పెద్దపట్నం చూసినవాళ్ళకి తెలుస్తుంది, అంత పనితనంతో గీసిన దాన్ని చివరికి శివసత్తులు ఆడుతూ తొక్కుకుంటూ వెళ్తారు. తొక్కడంతోనే ఆ పూజ పూర్తవుతుంది. ఆ పొడిని జనం బొట్టుగా తీసుకెళ్తారు. అక్కడ నిలబడి 'అయ్యో, చెరిగిపోయిందే' అన్నవాడికి పట్నం అంటే ఏమిటో తెలియదనే అనాలి.

ఇక ఇంకో రకం బొమ్మలు. కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక. మూడింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. విమానాశ్రయాల్లో, శిల్పారామంలో, గోల్కొండ, లేపాక్షి షాపుల్లో మనకి కనిపించేవి ఇవే. కొండపల్లి బొమ్మకి తెల్లపొనికి కర్రని ఆరబెట్టి, చెక్కి, ముక్కల్ని చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతికి, సున్నం పూసి, రంగులేస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రని తిప్పుతూ లక్క పూస్తారు. ఇవి ఉండిపోయే బొమ్మలు. అంబారీ ఏనుగు, దశావతారాలు, కల్లుగీసే మనిషి, ఏది కొన్నా జాగ్రత్తగా చూసుకుంటే పిల్లల పిల్లల దాకా ఉంటుంది. మెక్సికోలోనూ మెత్తటి కర్ర ఉంది, ఇక్కడా కంకుల పొర ఉంది. ఎవరి చేతికి ఏది అలవాటైతే దాంతో వాళ్ళు చేశారు.

*

కాబట్టి బతికే పద్ధతులు రెండున్నాయి. ఒకటి, పాడవకుండా ఉండి బతకడం. రెండోది, పాడవుతూ మళ్ళీ మళ్ళీ చేయించుకుని బతకడం. మ్యూజియం, ప్రభుత్వ పథకం, గుర్తింపు పత్రం, షాపు, మన షోకేసు ఇవన్నీ మొదటి పద్ధతికి తయారైనవి. రెండో రకం వస్తువు వీటి ముందుకి వస్తే దాన్ని కూడా మొదటి రకంగా మార్చడం తప్ప వేరే దారి తెలియదు వాటికి. పొరబొమ్మకి వార్నిష్ పూస్తారు. బతుకమ్మని ప్లాస్టిక్ పూలతో చేసి లాబీలో పెడతారు.

దీనివల్ల నష్టం ఏమిటి అని అడగొచ్చు. వస్తువు ఇంకొన్నాళ్ళు ఎక్కువ ఉంటుంది, అంతేగా? అంతే కాదనిపిస్తుంది. పాడయ్యే వస్తువు మనల్ని ఒక పని అడుగుతుంది. వచ్చే ఏడు మళ్ళీ చెయ్యి అంటుంది. అందుకు చెయ్యడం తెలిసినవాళ్ళు ఒకరు ఉండాలి, నేర్చుకునేవాళ్ళు పక్కన కూర్చోవాలి, ఆ పువ్వో మట్టో ఆకో దొరికే చోటు మిగిలుండాలి. తంగేడు పువ్వు కావాలంటే తంగేడు పొద ఉన్న బంజరు ఎక్కడో ఉండాలి. బతుకమ్మని వదలాలంటే చెరువు చెరువులా ఉండాలి. వస్తువు పాడవకపోతే ఈ బాధ్యతలన్నీ ఒక్కసారే రద్దవుతాయి. మనం కాపాడామనుకున్నది బొమ్మని. ఆ బొమ్మ అడిగే పనుల నుంచి మాత్రం మనం తప్పించుకున్నాం.

దీనికి పూర్తి వ్యతిరేకంగా పూరీ ఉంది. అక్కడి జగన్నాథుడు కర్ర విగ్రహం. కర్ర శాశ్వతం కాదని ఒప్పుకుని, రెండు ఆషాఢాలొచ్చిన ఏడాది నవకళేబరం చేస్తారు. 1996లో చేశారు, 2015లో చేశారు. లక్షణాలన్నీ ఉన్న వేపచెట్లని వెతికి, కొత్త విగ్రహాలు చెక్కి, పాతవాటిలోని బ్రహ్మ పదార్థాన్ని వాటిలోకి మార్చి, పాతవాటిని ఆలయ ఆవరణలోనే కోయిలి వైకుంఠం అనే చోట పూడ్చిపెడతారు. దైతాపతులు ఇంట్లో మనిషి పోయినట్టే మైల పాటిస్తారు. అంత పెద్ద దేవుడికి విగ్రహం పాతబడటం అవమానం కాలేదు. చెట్టు వెతకడం తెలిసినవాళ్ళూ చెక్కడం తెలిసినవాళ్ళూ తరానికి ఒకసారైనా తప్పనిసరిగా ఉండాల్సి వచ్చింది.

మన వినాయక చవితిలో జరిగింది ఇంకో రకం. ఖైరతాబాద్‌లో 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైన ఉత్సవం పెరుగుతూ పెరుగుతూ పదుల అడుగులకి చేరింది. మట్టితో మొదలైన ఆచారం ఊరూరా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కి మారింది. నిమజ్జనం అనే తంతు అలాగే ఉంది, పాటలున్నాయి, లారీలున్నాయి, కరగాల్సిన పదార్థం మాత్రం కరగడం మానేసింది. మర్నాడు చెరువు గట్టున విరిగిన చేతులూ తొండాలూ తేలుతూ కనిపించేది అందుకే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాల్లో ఆ పదార్థంతో విగ్రహాలు చెయ్యకూడదంది. ఖైరతాబాద్‌లో 2022లో 50 అడుగుల విగ్రహాన్ని మట్టితో చేశారు. పోవడం అనేది కూడా ఒక పనితనమేనని ఈ ఉదాహరణ చెబుతుంది. సరిగ్గా పోవాలంటే సరైన పదార్థంతో చెయ్యాలి.

*

ఇక్కడిదాకా రాసింది చదివి ఎవరైనా నన్ను నిలదీస్తే తప్పు పట్టలేను. 'నెల జీతం వచ్చేవాడికి వస్తువు పోవడంలో తత్వం కనిపిస్తుంది. చేసి అమ్ముకునేవాడికి అది ఉండిపోతేనే కదా రేటు పలికేది?' నిజమే. కొండపల్లిలో ఒక కుటుంబం బొమ్మలమ్మి పిల్లల్ని చదివించుకుందంటే, ఆ బొమ్మ ఇరవయ్యేళ్ళుంటుందని కొనేవాడు నమ్మడం వల్లే. సాయంత్రానికి చీలికలయ్యే తాటాకు పెళ్ళికూతురికి ఎవరూ రూపాయి ఇవ్వరు. పాడయ్యే వస్తువులు చేసినవాళ్ళు చాలావరకు అమ్మమ్మలూ అక్కలూ ఆడపిల్లలూ. వాళ్ళని ఎవరూ కళాకారులనలేదు. వాళ్ళ పనికి గుర్తింపు పత్రం లేదు, ఎందుకంటే అమ్మకానికి పెట్టని దాని పేరుని కాపాడాల్సిన అవసరం చట్టానికి కనబడలేదు. 'చెయ్యడమే గొప్ప' అని మనం అన్నప్పుడల్లా, ఆ చెయ్యడం మళ్ళీ ఎవరి నెత్తిన పడుతుందో కూడా చెప్పాలి.

ఈ చర్చ గాల్లో కాకుండా నేల మీద జరగాలంటే ఒక మామూలు ఉదాహరణ చాలు. సద్దుల బతుకమ్మ రోజు హైదరాబాద్ మార్కెట్లలో పేర్చి పెట్టిన బతుకమ్మలు అమ్ముతారు. కాటేదాన్ ఫ్యాక్టరీల్లో షిఫ్టు చేసి ఇంటికొచ్చే ఒక తల్లి ఉందనుకుందాం. పువ్వు తెంపడానికి చేను లేదు, కూర్చుని పేర్చడానికి పూట లేదు. ఆవిడ బతుకమ్మని కొంటుంది. అమ్మింది ఇంకో ఊరి నుంచి తెల్లవారుజామున పువ్వు మోసుకొచ్చిన ఇంకో తల్లి. ఇందులో తప్పెక్కడుంది?

కొనడంలో తప్పు లేదని నేను నమ్ముతాను. అమ్మినావిడకి ఆ డబ్బు దక్కాలి, బేరం ఆడకుండా దక్కాలి. అది ఒక అప్పు. కానీ అదే ఇంట్లో ఇంకో అప్పు కూడా ఉంది, అది పేర్చడం తెలియడం అనే అప్పు. ఆవిడకి వాళ్ళమ్మ నేర్పింది. ఆవిడ ఇంకొకరికి నేర్పకపోతే ఆ వరస అక్కడ తెగుతుంది. మార్కెట్లో ఎంత పెద్ద బతుకమ్మ కొన్నా ఆ రెండో అప్పు తీరదు. అలాగే ఇంట్లో ఎంత చక్కగా పేర్చుకున్నా, పూలమ్మే ఆవిడకి మనం ఇవ్వాల్సిన ధర తీరదు. రెండూ వేరు వేరు లెక్కలు, ఒక ఖాతాలో కట్టింది ఇంకో ఖాతాకి జమ కాదు. మనం సాధారణంగా చేసే పొరపాటు వీటిని కలిపేయడం. హస్తకళల మేళాకి వెళ్ళి రెండు బొమ్మలు కొని, సంస్కృతిని నిలబెట్టామన్న తృప్తితో ఇంటికొస్తాం. లేదంటే యూట్యూబ్‌లో చూసి పిల్లలతో ఒక బొమ్మ చేయించి, కళాకారుడి పేదరికం సంగతి మరిచిపోతాం.

రెండో అప్పుని ఆ తల్లి ఒక్కతే ఎందుకు తీర్చాలి అన్నది న్యాయమైన ప్రశ్న. ఆ ఇంట్లో తండ్రికి చేతులున్నాయి, కొడుక్కి ఉన్నాయి. గునుగు కట్టలు కొయ్యడం, రంగులద్దడం ఊళ్ళల్లో మగవాళ్ళు చెయ్యని పని కాదు. మళ్ళీ చేయడంలో ఉన్న గొప్పతనాన్ని పొగడ్డానికి అర్హత, ఆ పనిలో వాటా తీసుకున్నవాళ్ళకే ఉంటుందని నా అభిప్రాయం. మిగతావాళ్ళ పొగడ్త పక్కవాళ్ళ చాకిరీకి వేసే దండ లాంటిది.

*

మా సాఫ్ట్‌వేర్ పనిలో ఒక మాట ఉంది. బ్యాకప్ తీసి పెట్టుకున్నామంటే చాలదు, దాన్ని రీస్టోర్ చేసి చూడనంత వరకు అది బ్యాకప్ కిందకి రాదు. ఏళ్ళ తరబడి జాగ్రత్తగా దాచిన ఫైళ్ళు, కావాల్సిన రోజున తెరుచుకోకపోవచ్చు. అందుకని అవసరం లేనప్పుడు కూడా అప్పుడప్పుడూ మళ్ళీ లేపి చూస్తుండాలి.

విత్తనాల బ్యాంకులు కూడా ఇలాగే పనిచేస్తాయి. మెక్సికోలో సిమ్మిట్ అనే అంతర్జాతీయ సంస్థ మొక్కజొన్న, గోధుమ రకాల్ని చల్లటి గదుల్లో భద్రపరుస్తుంది. మన దగ్గర పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ వంటి పంటల్లో లక్షకు పైగా నమూనాల్ని దాచి పెట్టింది. ఇవి గడ్డకట్టే చలిలో ఏళ్ళకేళ్ళు ఉంటాయి గానీ ఎప్పటికీ ఉండిపోవు. మొలకెత్తే శక్తి తగ్గుతూ వస్తుంది. కొన్నేళ్ళకి బయటికి తీసి, పొలంలో చల్లి, పండించి, కొత్త గింజల్ని లోపల పెట్టాలి. దాచడంలో ఇంత నైపుణ్యం ఉన్న చోట కూడా చివరికి దిక్కు మళ్ళీ నాటడమే.

మెక్సికోలోని పుయెబ్లా రాష్ట్రంలో తొనావిష్ట్లా అనే మిష్టెక్ ఊరిలో జరిగిన కథ ఈ రెండు పద్ధతుల్నీ కలిపింది. అక్కడి రైతులు హైబ్రిడ్ల దెబ్బకి పాత నాటు మొక్కజొన్నలు చాలావరకు వదిలేశారు. ఆ రకాల పొరలు మనకి తెలిసిన గడ్డి రంగులో ఉండవు. ఊదా, గులాబీ, లేత పసుపు చారలతో ఉంటాయి. ఫెర్నాందో లపోస్సె అనే డిజైనర్ 2016 నుంచి ఆ ఊరివాళ్ళతో పనిచేస్తూ, సిమ్మిట్ బ్యాంకు నుంచి వచ్చిన నాటు విత్తనాల్ని మళ్ళీ పొలాల్లో వేయించాడు. పొరల్ని చదును చేసి అతికి, ముక్కలుగా కోసి, బల్లలకీ గోడలకీ అతికించే పలకలుగా మార్చారు. గింజ తిండికీ విత్తనానికీ, పొర అమ్మకానికి. ఖరీదైన ఇళ్ళలో ఏళ్ళ తరబడి ఉండిపోయే ఆ పలక, ఏటా పోయి ఏటా రావాల్సిన విత్తనానికి కూలి కడుతోంది.

ఈ కథ నా వాదాన్ని కాస్త సర్దుకునేలా చేస్తుంది. ఉండిపోయే వస్తువుతో నాకు పేచీ లేదు. అది సంపాదించిన డబ్బు ఎక్కడికి వెళ్తోందన్నదే అసలు ప్రశ్న. పొనికి కర్ర దొరకడం కష్టమవుతోందని కొండపల్లి కళాకారులు ఏళ్ళుగా చెబుతున్నారు. మనం కొన్న బొమ్మ డబ్బు పొనికి మొక్కలు నాటేదాకా, ఆ ఇంట్లో ఇంకొకరు ఉలి పట్టుకోవడానికి ఇష్టపడేదాకా వెళ్తే ఆ బొమ్మ బతికినట్టు. షాపు అద్దె దగ్గర ఆగిపోతే మన షోకేసులో ఉన్నది ఒక చెక్క మనిషి. గట్టిగానే ఉంటాడు. ఎవరు చేశారో, ఏ చెట్టు నుంచి వచ్చాడో గుర్తుండదు.

అందువల్ల నాకు తోచిన సమాధానం చాలా మామూలుది. ఏదైనా ఒక వస్తువుని కాపాడుతున్నామని చెప్పుకునే ముందు రెండు ప్రశ్నలు అడగాలి. దీన్ని చేసిన మనిషికి దక్కాల్సింది దక్కిందా? ఇది రేపు పోతే మళ్ళీ చెయ్యగలవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మొదటిదానికి జేబులోంచి జవాబు చెప్పొచ్చు. రెండోదానికి చేతుల్తోనే చెప్పాలి. అన్నీ అందరూ చెయ్యలేరు. ఒక ఇంట్లో ఒకరికి గొబ్బెమ్మ వచ్చు, ఒకరికి ఆవకాయ కలపడం వచ్చు, ఒకరికి తాటాకు మడతపెట్టడం వచ్చు. ఒక్కొక్కరికి ఒక్కటి వచ్చినా, దాన్ని ఇంకొకరికి అప్పజెప్పినా చాలనుకుంటాను.

ఈ వానాకాలం మక్కబుట్టలు కొన్నప్పుడు పొరల్ని కూడా అడిగి తెచ్చుకోవచ్చు. బండి ఆవిడ ఊరికే ఇచ్చేస్తుంది. పచ్చి పొర నానబెట్టకుండానే వంగుతుంది గానీ, ఆరాక ముడుచుకుపోయి ముడులు వదులవుతాయి. అందుకని రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, మళ్ళీ తడిపి చెయ్యడం మేలు. మొదటి బొమ్మకి మెడ నిలబడదు. మూడోదానికి నిలబడుతుంది. దసరాకల్లా పొర పెళుసెక్కి చేతులు ఊడిపోతాయి. అప్పటికి పిల్లలు దాన్ని మరిచిపోయి ఉంటారు. ముడి ఎక్కడ వెయ్యాలో మాత్రం మరిచిపోరు.